సియేని ఎవరి ఇంటి వరుసలో

మాంగెరె, ఆక్లండ్
14 జనవరి 1984

ఫువాటినో అక్కయ్యకు,

తమ్ముడు ఎలెకానా వందనాలు. బావ పెనిటాలాకు కూడా. ఇక్కడ నేనూ, మాకెరీటా, మా పాప సియేనీ ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం.

సియేనిని నీ దగ్గరికి పంపుతున్నాను. ఈ నెల 28న విమానం. మాకెరీటా చిన్నాన్న కూతురు అపియా నగరానికి వస్తోంది, అక్కడి నుంచి మీ దీవికి ఓడలో తనే వెంట తీసుకొస్తుంది. ఓడరేవులో బావ ఉంటే చాలు.

కారణం చెప్పాలి. పోయిన అక్టోబరులో ఇక్కడి చర్చి సంఘంలో పిల్లల ఆదివారం జరిగింది. అందరు పిల్లల్లాగే సియేని కూడా తెల్ల గౌను వేసుకొని ముందుకెళ్ళింది. తను చెప్పాల్సిన బైబిలు వాక్యం రెండే లైన్లు. నిలబడింది, పైకి చూసింది, దిగి వచ్చేసింది. ఇంటికొచ్చాక అడిగితే, పైకప్పుకి పదకొండు ఫాన్లు ఉన్నాయి నాన్నా, ఒకటి తిరగట్లేదు అంది. మా వెనక బెంచీలో ఒక పెద్దాయన పక్కాయనతో అన్న మాట నాకు వినపడింది. "సాయంత్రం పూట ఆ పాప ఇంట్లో ఎవరూ ఉండరనుకుంటా." ఎత్తిపొడవడానికి అన్నాడో, జాలిపడి అన్నాడో తెలియదు. కానీ అన్నది నిజం.

నేను రెండున్నరకి ఫ్యాక్టరీకి వెళ్తాను. మాకెరీటా ఐదింటికి ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళ్తుంది. తర్వాత పిల్లని మా అత్తగారు చూసుకుంటారు. సాయంత్రం ప్రార్థన వేళకి మేం ముగ్గురం ఒక కప్పు కింద ఉండేది ఆదివారం ఒక్కరోజే. ఆ రోజు ఇద్దరం నిద్రపోతాం. ఇలా రెండేళ్ళయింది. మన నాన్న ఉన్నప్పుడు ఊళ్ళో ప్రార్థన శంఖం వినపడితే నోట్లో ముద్ద నమలడం కూడా ఆపేసేవాళ్ళం. నా కూతురికి ఆ వేళకి టీవీలో వచ్చే సబ్బు ప్రకటనలన్నీ నోటికి వచ్చు.

పిల్లకి దైవభయం నేర్పు. నీ బిడ్డ అనుకొనే నేర్పు. ఎన్నాళ్ళు అన్నది నేను చెప్పను. అక్కకి గడువు పెట్టేంత పెద్దవాణ్ణి కాలేదు.

ముల్లున్న చేప తినదు. పట్టించుకోకు.

నీ తమ్ముడు
ఎలెకానా

*

సవాయి దీవి, సమోవా
20 ఫిబ్రవరి 1984

తమ్ముడూ,

నీ కూతురు క్షేమంగా చేరింది. ఓడలో మూడుసార్లు వాంతి చేసుకుంది. రేవులో దిగి మీ బావని చూసి మొదట అన్న మాట, "మామయ్యా, తిరిగి వెళ్ళేటప్పుడు వేరే దారి ఉందా?" అని. ఆయన లేదన్నాడు. "అయితే నేను ఉండిపోతాలే" అంది. ఇల్లు చేరేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

రెండో రోజే శంఖం వేళ దొరికిపోయింది. తొలి శంఖానికి అందరూ ఇళ్ళలోకి వెళ్ళారు. ఈమె చేతిలో మామిడిపండుతో రోడ్డు మీద నడుస్తోంది. కాపలా ఉన్న పెద్దలు ఆపి, ప్రార్థన అయ్యేదాకా రోడ్డు పక్కనే కూర్చోబెట్టారు. పండు పక్కన పెట్టమంటే పెట్టింది. ఇంటికొచ్చి నన్ను అడిగింది: "అత్తా, శంఖం ఊదేది మన కోసమా, దేవుడి కోసమా?" మన కోసమే అన్నాను. "ఆయన ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు కదా, మరి మనం ఎందుకు లేటు?" అంది. ఈ పిల్ల నోటికి జవాబులు వెతుక్కోవడానికి నాకు పొద్దు చాలడం లేదు.

ఇప్పుడు పెద్ద మాట. పెట్టె విప్పాను. గౌన్లు రెండు, బూట్లు ఒక జత, అడుగున గుడ్డలో చుట్టిన సన్నచాప. పరుచుకునే చాప కాదని చూడగానే తెలిసింది. పట్టులా మెత్తగా ఉంది, అంచున ఎర్ర ఈకలు. రెండు తరాల చేతులు మారి ఉంటుంది. పెళ్ళికో చావుకో తప్ప ఇంట్లోంచి బయటికి రాని చాప అది.

మీ బావ దాన్ని చూసి బయటికెళ్ళి నిలబడ్డాడు. మా పెళ్ళయి పదిహేడేళ్ళు. ఈ పదిహేడేళ్ళలో మేం ఇంటి ముందు రెండు చిన్న సమాధుల మీద తెల్ల గులకరాళ్ళు పరిచాం. అది నీకు తెలుసు.

తోడబుట్టిన దాని దగ్గరికి చాపతో పాటు బిడ్డని పంపడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వు ఉత్తరంలో రాయనిది చాప చెప్పింది. నాన్న ఉంటే నిన్ను చూసి గర్వపడేవాడు. దీని గురించి మన మధ్య ఇంక మాటలు వద్దు.

నీ అక్క
ఫువాటినో

*

మాంగెరె
25 మార్చి 1984

అక్కయ్యా,

నీ ఉత్తరం మాకెరీటాకి పైకి చదివి వినిపించాను. మామిడిపండు దగ్గర నవ్వింది, ఓడ దగ్గర ఏడ్చింది.

చాప గురించి అంత రాయాలా? విమానం ఎక్కే రోజు పొద్దున మా అత్తగారు పెట్టెలో పెట్టారు. నాకు విమానాశ్రయంలో గాని చెప్పలేదు. పిల్లని ఖాళీ చేతులతో పంపకూడదన్నారు. అదేమంత గొప్పది కాదు. పాతది, ఒక అంచు చిరిగింది కూడా. నువ్వే ఉంచుకో, ఎవరికైనా పెట్టుకో, నీ ఇష్టం. మాకు సంతోషమే.

నాకు తెలుసుకోవాలని ఉన్నది వేరే. వాక్యాలు వస్తున్నాయా? ప్రార్థనలో కుదురుగా కూర్చుంటోందా? అన్నానికి ముందు చెప్పే ప్రార్థన కూడా నేర్పు. ఇక్కడ మేం నిలబడే తింటాం, అది మా తప్పు.

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. మొన్న శనివారం మాకెరీటా మూడు పళ్ళేలు పెట్టింది. మూడోది తీసి లోపల పెట్టబోతే, ఉండనీ అన్నాను.

ఎలెకానా

*

సవాయి
11 జూన్ 1984

తమ్ముడూ,

ఆలస్యానికి ఏమనుకోకు. పాస్టరుగారి కొత్త ఇంటి ప్రతిష్ఠ పనుల్లో ఊరంతా మునిగిపోయాం.

ఇచ్చేవాడు తను ఇచ్చినదాన్ని తక్కువ చేసి చెప్పాలని నాన్న నేర్పాడు. పాతది, చిరిగింది, గొప్పది కాదు అని నువ్వు రాసింది చదివి, పదిహేడేళ్ళకే దీవి దాటినా వీడు మన పద్ధతి మరవలేదని మీ బావతో అన్నాను. చాపలో చిరుగు ఉందో లేదో నాకు తెలియదా?

చేయాల్సినవన్నీ చేశాను. చాపని మన కుటుంబ పెద్దల ముందు పరిచాం. అందరూ చూశారు. ఎలెకానా తన కూతుర్ని అక్కకి ఇచ్చాడు, మంచి పని చేశాడు అన్నారు. మేలో ప్రతిష్ఠ రోజున సియేని పేరు మీద ఆ చాపని పాస్టరుగారి ఇంటికి సమర్పించాం. ఆ మరుసటి ఆదివారం సంఘంలో ఇంటింటి పేర్లు చదివినప్పుడు మొదటిసారి మా ఇంటి వరుస ఇలా చదివారు: పెనిటాలా, ఫువాటినో, వారి కుమార్తె సియేని. పదిహేడేళ్ళుగా రెండో పేరు దగ్గర ఆగిపోయే వరుస అది. పెనిటాలా సంఘంలో డీకను పదవిలో ఉన్నాడు కాబట్టి ముందు బెంచీలో కూర్చుంటాడు. ఆయన వీపు తప్ప నాకేమీ కనపడలేదు. అది చాలు.

నలుగురిలో నన్ను అమ్మా అంటోంది. ఇంట్లో అత్తా అనేస్తుంది. అలవాటవుతుంది.

చదువు సంగతి. ఏడు వాక్యాలు తప్పు లేకుండా చెప్తుంది. కుదురుగా కూర్చోవడం వచ్చింది. నోరు మూయడం రాలేదు. పోయిన వారం సండే స్కూల్లో పాస్టరమ్మగారిని అడిగిందట, దేవుడు అన్నీ చూస్తాడు కదా, మనం కళ్ళు మూసుకోవడం ఎందుకని. ఆవిడ ఏమీ తడుముకోలేదు. "ఆయన చూడ్డానికి అడ్డం కాదమ్మా. నువ్వు పక్కవాళ్ళ జడ లాగకుండా" అంది. మన పిల్ల పక్కపిల్ల జడ వదిలేసిందట.

మాకెరీటాని ఏడవొద్దని చెప్పు. తను ఇచ్చింది ఎక్కడికీ పోలేదు.

ఫువాటినో

*

మాంగెరె
2 జులై 1984

అక్కయ్యకు,

ఉత్తరం అందింది. మాకెరీటా రెండుసార్లు చదివింది. మడత పెట్టి బల్ల మీద పెట్టి పనికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఊరి పోస్టాఫీసుకి ఫోన్ చేద్దామనుకున్నాను. అక్కడ మాట్లాడితే ఊరంతా వింటుందని మానేశాను.

సంఘంలో పేరు చదివించడం నీ ప్రేమ. దాన్ని నేను కాదనను. నిన్ను కాదన్న రోజు నా జీవితంలో లేదు. అయితే చాప విషయంలో మా అత్తగారి ఉద్దేశం కొంచెం వేరేమో అనిపిస్తోంది. ఆవిడ దాని గురించి ఈమధ్య చాలాసార్లు మాట్లాడుతున్నారు.

ఒక మాట అడగాలి. క్రిస్మస్‌కి సియేనిని ఒకసారి పంపగలవా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మనవరాలిని చూడాలని ఉందంటున్నారు. టికెట్ మేం చూసుకుంటాం.

బావకి వందనాలు.

ఎలెకానా

*

సవాయి
6 ఆగస్టు 1984

తమ్ముడూ,

మీ అత్తగారి మనసు అర్థమైంది. అంత మంచి చాప చెయ్యి దాటిపోయాక ఎవరికైనా మనసు లాగుతుంది. ఆవిడని బాధపడొద్దని చెప్పు. సమర్పించింది వెనక్కి అడగలేను గాని, అలాంటిదే ఇంకొకటి నేసి పంపుతాను. మా ఆడవాళ్ళ సంఘం వాళ్ళం ఐదుగురం పోయిన సోమవారం నుంచే చాపకి మొగలి ఆకు చీలుస్తున్నాం. సన్నచాప కదా, తొందరపడితే కుదరదు. వచ్చే ఏడాది ఈ వేళకి ఆవిడ చేతిలో ఉంటుంది.

క్రిస్మస్‌కి కుదరదు. సియేనిని పిల్లల గాయక బృందంలో చేర్చారు. ఆ వారమంతా పాటలే. చిన్నపిల్లని ఇప్పుడిప్పుడే కుదురుకున్న చోటు నుంచి కదిపితే నేర్చుకున్నదంతా పోతుంది. మీ అత్తగారినే ఇక్కడికి రమ్మను. మా ఎండకి మోకాళ్ళు నయమవుతాయి.

అక్టోబరు 14న పిల్లల ఆదివారం. ఈసారి నాటిక కూడా ఉంది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి కన్న కొడుకుని గుడికి ఇచ్చేసిన తల్లి కథ. ఆ తల్లి వేషం సియేనికి వచ్చింది. కొడుకుని గుడి మెట్ల మీద వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి. నిన్న ఇంట్లో చేసి చూపించింది. చాలా బాగా చేస్తోంది. నువ్వు చూడాల్సింది.

ఫువాటినో

*

మాంగెరె
27 ఆగస్టు 1984

అక్కా,

నాకు చాప వద్దు. మా అత్తగారికీ వద్దు. మాకు మా కూతురు కావాలి.

ఆ చాపని మర్యాదకి పంపారు. పిల్లని ఇవ్వడానికి కాదు. ఎన్నాళ్ళని నేను రాయకపోవడం మర్యాద. పాతది చిరిగింది అని రాయడం మర్యాద కాదు, నిజం. అది నిజంగానే చిరిగింది, అక్కా. నువ్వు ప్రతి మాటా నీకు కావాల్సినట్టు చదువుకున్నావు.

కొడుకుని గుడికి ఇచ్చేసిన తల్లి వేషం నా కూతురికే ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాదనుకున్నావా? నేను చూడాల్సింది అని రాశావు. అది నాకు చెప్పడానికే కదా. మాకెరీటాకి ఆ ముక్క చదివి వినిపించలేదు. తనే తీసుకొని చదివింది.

దైవభక్తి నేర్పమని పంపాను. తల్లిదండ్రులని మార్చమని పంపలేదు. నీ ఇంటి ముందున్న రెండు సమాధులకి నా కూతురు జవాబు కాదు.

ఈ ఆఖరి వాక్యం కొట్టెయ్యమని మాకెరీటా అంది. కొట్టెయ్యలేదు.

డిసెంబరు 8న విమానానికి టికెట్ తీశాం.

ఎలెకానా

*

సవాయి
5 నవంబరు 1984

ఎలెకానాకి,

నీ ఉత్తరం సెప్టెంబరు 12న అందింది. ఎనిమిది వారాలు జవాబు రాయలేదు. కోపంతో కొన్నాళ్ళు, సిగ్గుతో కొన్నాళ్ళు, పని ఉండి కొన్నాళ్ళు.

మొదట నువ్వు కొట్టెయ్యని వాక్యం గురించి. అది మీ బావ చదవకూడదని బియ్యం డబ్బాలో దాచాను. అన్నం వండింది ఆయనే ఆ రోజు. చదివి, మడిచి, మళ్ళీ డబ్బాలోనే పెట్టాడు. రెండు రోజుల తర్వాత అన్నాడు, "మీ తమ్ముడు రాసింది క్రూరంగా ఉంది. తప్పుగా లేదు." నేను ఆయనతో పోట్లాడాను. తర్వాత ఒప్పుకున్నాను. నీ ఉత్తరంలో గడువు లేదని చూశాను గాని, ఎందుకు లేదని అడగలేదు. అడిగితే ఉంటుందేమోనని భయం.

నాటిక సంగతి. వేషాలు పంచింది పాస్టరమ్మగారు. సియేని గొంతు పెద్దది, వెనక బెంచీకి వినపడుతుందని తనకిచ్చింది. నీకు రాసేటప్పుడు నాకు ఇంకే అర్థమూ తట్టలేదు. నీ ఉత్తరం వచ్చాక ప్రతిసారీ తట్టింది. వేషం మార్చమని అడుగుదామనుకున్నాను. కారణం చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

ఇక అక్టోబరు 14. నువ్వు తండ్రివి, నీకు తెలియాలి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పిల్లలు నలభై ఒక్కమంది. ఇంటింటి వరుసన పిలిచారు. మా వరుసలో సియేని ఒక్కతే లేచింది. పన్నెండు వాక్యాలు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. పైకప్పు వైపు చూడలేదు. నాటికలో వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో ఆనవాయితీ ప్రకారం పిల్లలు ముందు కూర్చున్నారు, మేం వడ్డించాం. కోడికూర, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు, ఐస్‌క్రీం. మీ బావ తనకి విసనకర్రతో విసిరాడు. పాస్టరుగారు వచ్చి మీ ఇంట్లో బాగా పెంచారు అన్నారు. ఈ మాట వినాలని నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నీకు చెప్పక్కర్లేదు. విన్నాను. సంతోషించాను. అబద్ధం చెప్పను.

సాయంత్రం ఇంట్లో ప్రార్థన. పాట అయింది. లేఖనం చదవడం అయింది. ఎప్పుడూ ఆఖరి ప్రార్థన మీ బావే చేస్తాడు. ఆ రోజు, "ఇవాళ నువ్వు చెయ్యమ్మా, నీ మాటల్లో" అన్నాడు.

సియేని పొద్దున చెప్పిన వాక్యాల్లో మొదటిది చెప్పింది.

"అది వాక్యం. బాగుంది. ఇప్పుడు నువ్వు అడుగు."

రెండోది చెప్పింది. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అప్పుడు అంది, "అడగడం ఎలాగో రాదు మామయ్యా."

"మీ అమ్మా నాన్నా ఎలా అడుగుతారో, అలాగే."

"వాళ్ళు అడగ్గా నేను వినలేదు." అని, "వాళ్ళకి దేవుడితో మాట్లాడ్డం వచ్చా?" అంది.

ఆ గొంతులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నాన్నకి ఈత వచ్చా అని అడిగినట్టు అడిగింది. ఆయన నా వైపు చూశాడు. వచ్చు అన్నాను.

"నువ్వు విన్నావా?"

విన్నాను, మీ నాన్నకి ఏడేళ్ళప్పుడు మా పంది తప్పిపోయింది, అది దొరకాలని ప్రార్థన చేశాడు అని చెప్పాను. దొరికిందా అని అడిగింది. దొరకలేదన్నాను.

"మరి?"

"మర్నాడు మళ్ళీ అడిగాడు."

ఇంకొకటి చెప్పమంది. నాన్న ఇంకా ఏమేం అడిగాడు, అమ్మ ఏం అడుగుతుంది, నా గురించి ఎప్పుడైనా అడిగారా అని. నా దగ్గర ఉన్నది ఆ పంది ఒక్కటే, ఎలెకానా. మిగతావి నీ దగ్గరున్నాయి. లేకపోతే ఎక్కడా లేవు.

పడుకున్నాక మీ బావా నేనూ మాట్లాడుకున్నాం. నేను తనకి కూర్చోవడం నేర్పాను. వాక్యం నేర్పాను. శంఖం వినపడితే ఇంట్లోకి పరిగెత్తడం నేర్పాను. ఇవి చిన్నవి కావు, వీటిని తక్కువ చెయ్యను. కానీ తన తండ్రి తన కోసం దేవుణ్ణి ఏం అడుగుతాడో నేను నేర్పలేను. నువ్వు నీ ఇంట్లో ఆపేసిన పనిని నా ఇంట్లో చేయించుకోవాలనుకున్నావు. నేను నా ఇంట్లో లేనిదాన్ని నీ ఇంటి నుంచి తెచ్చుకోవాలనుకున్నాను. ఇద్దరం దానికి పెట్టిన పేరు ఒకటే, పిల్లని దేవుడిలో పెంచడం.

అక్టోబరు 22న పెద్దల సమావేశంలో లేచి నిలబడ్డాను. చాపని నేను తప్పు అర్థం చేసుకున్నాను, తమ్ముడు బిడ్డని ఇవ్వలేదు, నేర్పమని పంపాడు, అంతే అన్నాను. కుటుంబ పెద్ద అడిగాడు, "ఎలెకానా తిరిగి అడిగాడా?" లేదు అన్నాను. ఇచ్చింది తిరిగి అడిగినవాడిగా నీ పేరు ఈ ఊళ్ళో ఉండకూడదు. డీకను భార్యని అయ్యుండి పెద్దల ముఖం మీద అబద్ధం చెప్పాను. దానికి దేవుడి ముందు నేనే జవాబు చెప్పుకుంటాను. ఒక ఏడాది ఆడవాళ్ళ సంఘంలో ప్రార్థన నడిపించొద్దన్నారు. సరే అన్నాను. పోయిన ఆదివారం మా వరుస మళ్ళీ రెండో పేరు దగ్గర ఆగింది.

డిసెంబరు 8 విమానానికి తను వస్తుంది. నీ ఉత్తరం చూసి పంపుతున్నాననుకోకు. నీ ఉత్తరానికే అయితే పంపేదాన్ని కాదు. నీతో ఇంకో ఏడాది పోట్లాడేదాన్ని.

తనతో చాప రాదు, ఇంకే కానుకా రాదు. రెండు గౌన్లు పొట్టివయ్యాయి, కొత్తవి కుట్టాను. ఇప్పుడు ముల్లున్న చేప తింటుంది.

ఫువాటినో

*

మాంగెరె
21 జనవరి 1985

అక్కయ్యా,

క్షమించమని ఒక్కసారే రాస్తాను. ఎక్కువసార్లు రాస్తే అది మళ్ళీ మర్యాదలా ఉంటుంది. ఆ వాక్యానికి నన్ను క్షమించు. బావని కూడా విడిగా అడుగుతున్నాను.

సియేని చేరింది. విమానాశ్రయంలో మాకెరీటా దగ్గరికి పరిగెత్తలేదు. నడిచి వచ్చి, నమస్కారం చెప్పి, తర్వాత పట్టుకుంది. ఆ రాత్రి నీ కోసం ఏడ్చింది. మాకెరీటా పక్కన పడుకొని, ఏడవొద్దని అనలేదు. నేర్పినవాళ్ళ కోసం ఏడవనీ అంది నాతో.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి సియేని వాళ్ళమ్మమ్మని అడిగిందట, ఇక్కడ శంఖం ఎవరు ఊదుతారని. ఎవరూ ఊదరని చెప్పారు. అయితే ఎలా తెలుస్తుంది అంది. అత్తగారు నాకు చెప్పారు. ఆవిడ ఈసారి మోకాళ్ళ గురించి ఏమీ అనలేదు.

పొద్దుటి షిఫ్టుకి మార్చమని అడిగాను. ఆర్నెల్ల దాకా ఖాళీ లేదన్నారు. మాకెరీటాకి కూడా కుదరలేదు. అందుకని ఇలా చేస్తున్నాం. నాకు ఐదింటికి భోజన విరామం, ఇరవై ఐదు నిమిషాలు. మాకెరీటా, పిల్లని మళ్ళీ అత్తగారి దగ్గర దింపి, పనికి ఆరింటికి వస్తానని ఒప్పించుకుంది. తను సియేనిని తీసుకొని కారులో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తుంది. గేటు పక్కన పార్కింగులో కారులోనే ప్రార్థన. అద్దాలు ఎక్కించినా ఫోర్క్‌లిఫ్టు చప్పుడు వినపడుతుంది. నాతో పనిచేసే టోంగా దీవుల ఆయన ఒకరు రెండో రోజు వచ్చి అద్దం తట్టాడు. కారు చెడిందేమో తొయ్యనా అని అడిగాడు. ప్రార్థన అని చెప్పాను. టోపీ తీసి, పాట అయ్యేదాకా బయట నిలబడ్డాడు. ఇప్పుడు రోజూ నిలబడుతున్నాడు. లోపలికి రమ్మంటే, మీ పాప ప్రశ్నలడుగుతుందట కదా, నేను బయటే ఉంటా అన్నాడు.

మొదటి రోజు సంగతి నీకు చెప్పాలి. పాట సియేని ఎత్తుకుంది. వాక్యం తనే చెప్పింది. ప్రార్థన కూడా నువ్వే చెయ్యి అన్నాను. "నువ్వు చెయ్యి నాన్నా" అంది. మూడేళ్ళు కావస్తోంది నేను పైకి ప్రార్థన చేసి. కళ్ళు మూసుకొని మన నాన్న రోజూ చేసే ప్రార్థన మొదలుపెట్టాను. నీకు తెలుసుగా, ఎక్కడా ఆగక్కర్లేకుండా దానంతట అదే వచ్చేది. నాలుగు మాటలు చెప్పానో లేదో నా మోచేయి పట్టుకుంది.

"అది నాకొచ్చు నాన్నా. అత్త నేర్పింది. నీది చెప్పు."

మాకెరీటా ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు. గేటు లోపల విరామం అయిపోయిందని గంట కొట్టారు. సియేని కళ్ళు మూసుకొని కూర్చునే ఉంది, తొందరేమీ లేనట్టు.

అప్పుడు చెప్పాను. ఏం చెప్పానో నీకు రాయను. అందులో నీ పేరుంది.

నీ తమ్ముడు
ఎలెకానా